నోరులేని నేస్తాలకు కొత్త సంవత్సరం

బాలలూ! కొత్త సంవత్సరం వచ్చింది. "రోజూ పెందలాడే లేస్తాను, ఒక పేజీ దస్తూరీ రాస్తాను" అని మీరు ఏవేవో నిర్ణయాలు చేసుకునే ఉంటారు. మీ ఇంట్లో కుక్కో, పిల్లో, పావురాలో ఉంటే వాటి తరఫున కూడా మీరే నిర్ణయాలు చేసుకోవాలి. దాహమవుతున్నదని గాని, టీకా వేయించే రోజు వచ్చిందని గాని అవి నోరు తెరిచి చెప్పలేవు గదా!

హైదరాబాదు పాతబస్తీలో ధూల్‌పేట ఉన్నది. గాలిపటాలకు అది పెట్టింది పేరు. సంక్రాంతి దగ్గరపడేసరికి అక్కడి దుకాణాల ముందు రంగురంగుల పతంగులు బారులు తీరుతాయి. ఆ పేటలో ఒక అబ్బాయి మేడమీద పావురాలనూ, కింద ఒక కుక్కపిల్లనూ పెంచుతున్నాడనుకోండి. అతను ఈ ఏడు ఏమేం చేయాలి?

మొదటిది, దారం ఏరటం. పతంగులు ఎగరేసే మాంజాకు గాజుపొడి పట్టిస్తారు. ఎగిరే పక్షికి ఆ సన్నని దారం కనిపించదు. రెక్కకు తగిలిందా, కోసుకుపోతుంది. నూలుదారం కొన్నాళ్ళకు చివికిపోతుంది. నైలానుది అలా చివకదు; పండుగ వెళ్ళిపోయినా చెట్లకూ, తీగెలకూ వేలాడుతూనే ఉంటుంది. అందుకే 2017లో జాతీయ హరిత ట్రిబ్యునలు నైలాను మాంజాను దేశమంతటా నిషేధించింది. కనక పతంగులు ఎగిరే వేళ పావురాలను బయటికి వదలరాదు. రోజూ చీకటి పడకముందే మేడమీది దారాలన్నీ ఏరి, చిన్న చిన్న ముక్కలు చేసి చెత్తబుట్టలో వేయాలి. ఏ పక్షి అయినా చిక్కుకుంటే దారాన్ని లాగకండి. గుడ్డ కప్పి మెల్లగా పట్టుకుని, పెద్దవాళ్ళచేత దారం కత్తిరింపించి, పశువైద్యుడికి చూపించండి.

రెండవది, గూటి శుభ్రం. ఎండిన రెట్టను ఊడిస్తే దుమ్ము లేచి మన ఊపిరితిత్తులలోకి పోతుంది. దానివల్ల జబ్బులు రావచ్చు. ముందు నీళ్ళు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, తరవాత శుభ్రం చేయాలి. చివర సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నీళ్ళ మూకుడు రోజూ కడిగి, కొత్త నీళ్ళు పోయాలి.

మూడవది, తిండి. పండుగపూట మనం తింటున్నామని ప్రేమకొద్దీ కుక్కకు కూడా పెట్టబోతాం. చాక్లెట్లు, కిస్‌మిస్ వేసిన కేకులు, ఉల్లిపాయ వేసిన కూరలు దానికి విషంతో సమానం.

ఇక నాలుగవది అన్నిటికన్నా ముఖ్యమైనది. గోడమీది కాలెండరు తీసి, కుక్కకు రేబీస్ టీకా వేయించే తేదీచుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్న చుట్టండి. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే మొదటి టీకా వేయించాలి. తరవాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటేటా వేయించాలి.

1885లో జోసెఫ్ మైస్టర్ అనే 9 ఏళ్ళ పిల్లవాణ్ణి పిచ్చికుక్క కరిచింది. తల్లి వాణ్ణి వెంటబెట్టుకుని పారిస్‌లో ఉన్న లూయీ పాశ్చర్ దగ్గరికి పరుగెత్తింది. జూలై 6న ఆయన తయారుచేసిన టీకా మందు వాడికి ఇవ్వటం మొదలుపెట్టారు. వాడు బతికాడు! జబ్బు బయటపడిన తరవాత అయితే ఈనాటికీ దాదాపు ఎవరినీ కాపాడలేము. పాశ్చర్ టీకా పని చేసింది జబ్బు బయటపడక ముందే ఇచ్చారు గనక.

కాబట్టి ఏ కుక్క కరిచినా, మీ పెంపుడు కుక్క పళ్ళు గీరుకున్నా సరే, వెంటనే ధారగా పడే నీళ్ళకింద సబ్బుతో 15 నిమిషాలపాటు కడగండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. "అమ్మ తిడుతుంది, కుక్కను తరిమేస్తుంది" అని దాచకండి. పెద్దలూ! చెప్పిన పిల్లవాణ్ణి మీరు తిట్టకండి. తిడితే ఇంకోసారి చెప్పడు.

ఈ నాలుగింటికీ పెద్ద ఖర్చేమీ లేదు. రోజుకు కాసేపు, ఒక ఎర్ర పెన్సిలు చాలు. మరి మీ కాలెండరు ఎక్కడున్నది?