ముందు చీటీ, ఆ తర్వాతే స్కానర్

కన్వేయర్ పట్టీ పక్కనో, కాటా పైనో కదలకుండా బిగించి, ఎదుటికి వచ్చిన సరకు మీది బార్‌కోడ్‌ను మనిషి చేయి అవసరం లేకుండా చదివే స్కానర్లను మన మిర్చి, పత్తి, పసుపు వర్తకులు కూడా పెట్టుకోవాలా? విమానాశ్రయాలు, మందుల కంపెనీలు, పార్సిల్ సంస్థలు ఏనాడో పెట్టుకున్నాయి. యంత్రాలు అమ్మేవారు ఆ పేర్లే ఏకరువు పెడతారు. పెట్టుకోవడంలో తప్పు లేదు. అయితే అడ్వాన్సు చెల్లించే ముందు, తమ బస్తా మీద చదవడానికి ఏముందో వర్తకుడు ఒకసారి చూసుకోవాలి. స్కానర్‌కు సరకు గురించి ఏమీ తెలియదు. చీటీ మీది నంబరు ఒక్కటే దానికి తెలుస్తుంది.

ఈ నంబరు విషయంలోనే వర్తకుల్లో పెద్ద అపోహ వుంది. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ పట్టణంలో ఒక సూపర్ మార్కెట్ కౌంటరులో బిగించిన స్కానర్ చూయింగ్ గమ్ ప్యాకెట్‌ను చదివింది. కిరాణా బార్‌కోడ్ వాడుక అక్కడ మొదలైంది. నేడు మన దుకాణాల్లో కనిపించే 13 అంకెల కోడ్ ఆ వంశానిదే. మన కంపెనీల కోడ్లు 890తో మొదలవుతాయి. (890 వుంటే సరకు ఇండియాలో తయారైందని అర్థం కాదు. నంబరు పొందిన కంపెనీ ఇక్కడ నమోదైందని మాత్రమే.) ఒక రకం సబ్బు బిళ్లలన్నిటికీ ఈ కోడ్ ఒకటే. కిరాణా కొట్టుకు అది చాలు. గిడ్డంగికి చాలదు. ఒకే కోడ్ వేసిన వెయ్యి బస్తాలను వరుసగా చదివినా, ఒక్క బస్తానే వెయ్యి సార్లు చదివినా కంప్యూటరుకు లెక్క ఒక్కటే. గిడ్డంగికి కావలసింది బస్తాకొక సొంత నంబరు. ఒకసారి లోపలికి వెళ్లిన నంబరు మళ్లీ లోపలికి వస్తే యంత్రం అక్కడికక్కడే ఒప్పుకోకూడదు. ఈ ఏర్పాటు లేని స్కానర్ ఎంత ఖరీదైనదైనా గుమాస్తా వేసే గీతల లెక్క కంటే గొప్పదేమీ కాదు.

ఇతర పరిశ్రమల్లో ఇది ఎందుకు నెగ్గిందో చూస్తే విషయం బోధపడుతుంది. విమానాశ్రయంలో పెట్టెకు తగిలించే పొడుగాటి చీటీ మీద 10 అంకెల నంబరు వుంటుంది. దాన్నే బార్‌కోడ్‌గా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా ముద్రిస్తారు. పట్టీ మీద పెట్టె ఎటు తిరిగి పడుతుందో ఎవరికీ తెలియదు గనుక ఈ జాగ్రత్త. మందుల ప్యాకింగ్ లైనులో డబ్బా మీద, లోపల మడిచి పెట్టే కాగితం మీద గీతల కోడ్ వుంటుంది. ఒక మందు డబ్బాలో వేరొక మందు కాగితం పడితే స్కానర్ పట్టుకుంటుంది. పెద్ద రక్త పరీక్ష కేంద్రాల్లో యంత్రం లోపలే స్కానర్ వుండి గొట్టం మీది చీటీ చదువుతుంది. మూడు చోట్లా సరకు ఒక్కొక్కటిగా, ఒకే దారిన వస్తుంది. చీటీ శుభ్రంగా వుంటుంది. దాన్ని అతికించే బాధ్యత ఫలానావారిదని ముందే రాసి వుంటుంది.

ఈ చివరి మాట తేలిగ్గా తీసుకున్నవారికి ఏమైందో అమెరికా రైల్వేలను అడగాలి. 1960ల చివర అక్కడి రైల్వే కంపెనీలన్నీ కలిసి, ప్రతి వ్యాగన్ పక్కన రంగు పట్టీలున్న చీటీ అతికించాలని నిర్ణయించాయి. పట్టాల పక్కన స్థిరంగా నిలిపిన స్కానర్ పరుగెత్తే రైలు నుంచే వ్యాగన్ నంబరు చదవాలి. ‘కార్‌ట్రాక్’ అన్న ఈ పద్ధతి ఆ కాలానికి గొప్ప ఇంజనీరింగే. కొత్తలో బాగా పని చేసింది. పోనుపోను చీటీల మీద మసి, బురద, దుమ్ము పేరుకున్నాయి. వ్యాగన్ ఒకరిది, పట్టాలు ఇంకొకరివి. చీటీ తుడిచే పని తమది కాదని అందరూ వూరుకున్నారు. చదవలేని వ్యాగన్లు పెరిగిన కొద్దీ లెక్క మీద నమ్మకం తగ్గింది. 1970ల చివరికి పద్ధతి మొత్తాన్ని వదులుకున్నారు. స్కానర్ చెడిపోలేదు, చీటీ చెడింది. మిర్చి యార్డులో ఒక్క పూట నిలబడిన వారెవరికైనా దుమ్మంటే ఏమిటో ప్రత్యేకించి చెప్పనక్కరలేదు.

అదే అమెరికాలో పత్తి వర్తకం మాత్రం నంబరు మీదే నడుస్తున్నది. జిన్నింగు మిల్లులో బేలు తయారు కాగానే 12 అంకెల నంబరు, బార్‌కోడ్ వున్న చీటీ తగిలిస్తారు. మొదటి 5 అంకెలు మిల్లువి, మిగతా 7 ఆ బేలువి. బేలు రెండు పక్కల నుంచి కోసిన నమూనాతో పాటు అదే నంబరు ప్రభుత్వ వర్గీకరణ కేంద్రానికి వెళుతుంది. పింజ పొడుగు, బలం, మైక్రోనేరు వగైరా ఫలితాలన్నీ ఆ నంబరు ఖాతాలో చేరతాయి. గిడ్డంగి రసీదు కూడా 1990ల నుంచి కంప్యూటరులో ఆ నంబరు మీదే వుంటుంది. కొనేవాడు బేలును కళ్ల చూడకుండానే బేరం కుదుర్చుకోగలుగుతున్నాడు. మన దేశంలో కాటన్ కార్పొరేషన్, కస్తూరి కాటన్ పథకం బేలుకొక క్యూఆర్ చీటీ పద్ధతి తెచ్చాయి. 170 కిలోల బేలు కొలత, ఆకారం దేశమంతా ఇంచుమించు ఒకటే కావడం పత్తికి కలిసి వచ్చిన అంశం. ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు జిన్నర్లకు ఈ దారి కష్టం కాదు. యంత్రం కొనే ముందు ఒక్కటి గుర్తుంచుకోవాలి. పాత లేజర్ గీత స్కానర్ క్యూఆర్‌ను చదవలేదు. కెమెరా రకమే కావాలి. క్యూఆర్‌లో కొంత భాగం చెరిగినా చదవగల ఏర్పాటు వుంది కాబట్టి దుమ్ము సరకుకు అదే మేలు.

మిర్చి సంగతి వేరు. బస్తా ముఠా కూలీ వీపు మీద కదులుతుంది. గోనె మీద రంగుతో వేసిన మార్కాయే గుర్తు. తేజ, బాడిగ, తాలు ఏదైనా లాటు లెక్కే గాని బస్తా లెక్క లేదు. ఇటువంటి చోట గేటుకు స్కానర్ బిగించడం డబ్బు దండగ. లారీలో పేర్చిన బస్తాల్లో పై వరుస, పక్క వరుస తప్ప లోపలివి దానికి కనిపించవు. ఎలాగూ ప్రతి బస్తానూ దించే చోటు ఒకటుంది. అది కాటా. అక్కడ స్కానర్ పెడితే నంబరూ తూకమూ ఒకే క్షణంలో ఒకే పద్దులో పడతాయి. తూకం లేని నంబరు తగాదాకు పనికి వస్తుందేమో గాని బేరానికి పనికిరాదు. చీటీని గోనెకు అతికిస్తే నిలవదు. మూతి కుట్టేటప్పుడే దారంలో కలిపి కుట్టాలి. వేడికి నల్లబడే రకం రసీదు కాగితం అసలు వాడరాదు. నెలల తరబడి నిలవలో వెలిసిపోతుంది. కోల్డ్ స్టోరేజి నుంచి బయటికి తీసినప్పుడు పట్టే చెమ్మకు తట్టుకునే ప్లాస్టిక్ చీటీ, రిబ్బను ముద్ర కావాలి.

ఇక చదవని బస్తాల సంగతి. నూటికి 99 చదువుతుందని అమ్మేవారు గొప్పగా చెప్పవచ్చు. లక్ష బస్తాల గిడ్డంగిలో మిగిలిన ఆ ఒక్క శాతం వెయ్యి బస్తాలు. బస్తా 40 కిలోలు, క్వింటాలు రూ.15 వేలు అనుకుంటే రూ.60 లక్షల సరకు. అది ఎవరి లెక్క? విమానాశ్రయంలోనైతే చదవని పెట్టె పక్క దారిలోకి మళ్లుతుంది. అక్కడ మనిషి చూసి నంబరు ఎక్కిస్తాడు. మన దగ్గర పని ఆగుతుందని ‘వదిలెయ్, తర్వాత రాద్దాం’ అంటే ఆ సాయంత్రానికే లెక్క పోయినట్టు. చదవని బస్తా కాటా దిగరాదన్న నియమం గిడ్డంగి యజమాని, సరకుదారు మధ్య కాగితం మీద వుండి తీరాలి.

ఇంత శ్రమ దేనికని అడిగేవారికి సమాధానం బ్యాంకులో వుంది. నిలవ సరకు మీద అప్పు బాండు కాగితాన్ని నమ్మి ఇస్తారు. కాగితంలో వున్న బస్తాలు గిడ్డంగిలో లేకపోతే, లేదా ఒకే సరకు రెండు కాగితాల్లో వుంటే నష్టం బ్యాంకుతో ఆగదు. మరుసటి సీజనుకు నిజాయితీ గల స్టాకిస్టుకు కూడా అప్పు పుట్టదు. 2007 గిడ్డంగుల చట్టం కింద నమోదైన గిడ్డంగులకు 2017 నుంచి ఎలక్ట్రానిక్ రసీదు వచ్చింది. కాగితం మోసాన్ని అది చాలావరకు అరికట్టగలదు. అయితే ఆ రసీదుకు, గదిలోని బస్తాకు మధ్య లంకె ఇప్పటికీ గుమాస్తా మాటే. ఆ ఖాళీలోనే కాటా దగ్గరి స్కానర్‌కు పని వుంది. లోపలి సరకు తేజానా తాలా అన్నది మాత్రం అది చెప్పదు. ఆ పని నమూనా చూసే మనిషిదే.

ఖర్చు ఎవరు భరించాలన్న దాని మీద ఈ కాలమ్‌కు సందేహం లేదు. లాభం గిడ్డంగికి, స్టాకిస్టుకు, బ్యాంకుకు గనుక వారే భరించాలి. రైతు పట్టీలో ‘చీటీ ఖర్చు’ అని ఇంకో కోత పెడితే ఎవరూ హర్షించరు. కాటా దగ్గరి లెక్క తెర ముఠా మేస్త్రీకి కూడా కనిపించేలా పెట్టాలి. బస్తాకింత కూలి తీసుకునేవారికి ఆ అంకె మీద యజమానికి ఉన్నంత హక్కు వుంది. దాచిన లెక్కను వారు నమ్మరు, చీటీ జాగ్రత్తగా కుట్టరు.

ఒక్కో గిడ్డంగి ఒక్కో నంబరు పద్ధతి పెట్టుకుంటే బస్తా చేతులు మారిన ప్రతిసారీ కొత్త చీటీ కుట్టాలి. ఎన్ని అంకెలు, అందులో గిడ్డంగివి ఎన్ని, బస్తావి ఎన్ని, చీటీ మూతికి ఏ వైపున, చినిగితే మార్చే ఖర్చు ఎవరిది అన్న నాలుగు విషయాలు వర్తక సంఘాలు, కోల్డ్ స్టోరేజి యజమానులు ఒకసారి కూర్చుని తేల్చుకోవచ్చు. దీనికి యంత్రం అక్కరలేదు, ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు. ఫిబ్రవరిలో కొత్త సరకు రాక ముమ్మరమయ్యే లోపే ఆ పని కావాలి.