స్టెప్నీ ఎక్కడుంది నాన్నా?



కిందటి నెల ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంగ్లిష్‌లో డిబేట్ పెట్టాను. ప్రతిసారీ 'మొబైల్ మంచిదా, చెడ్డదా' అంటే వాళ్లకే విసుగొస్తోంది. అందుకని ఈసారి అంశం మీరే ఎంచుకోండి అన్నాను. వెనక బెంచీలోని కార్ల పిచ్చి బ్యాచ్ మాట నెగ్గింది. 'కారుకు రన్‌ఫ్లాట్ టైర్లు మంచివా, మామూలు టైర్లూ స్టెప్నీ మంచివా' అన్నది అంశం. నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా రన్‌ఫ్లాట్ అంటే ఏమిటో నాకు సరిగ్గా తెలియదు. ఆ రాత్రి కూర్చుని చదువుకుని మర్నాడు క్లాసుకు వెళ్లాను.

చదువుతుంటే ఒక సంగతి భలే నచ్చింది. మనం రోజూ వాడే 'స్టెప్నీ' అన్న మాట ఒక వీధి పేరట. వేల్స్ దేశంలోని లనెల్లీ అనే ఊళ్లో స్టెప్నీ స్ట్రీట్ ఉంది. 1904లో డేవిస్ అనే అన్నదమ్ములు అక్కడ అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. ఆ రోజుల్లో కార్లకు స్పేర్ చక్రం ఇచ్చేవారే కాదు. ఇంగ్లండ్‌లో ఆ మాట ఎప్పుడో మరుగున పడిపోయింది. మన పంక్చర్ షాపుల్లో మాత్రం ఇప్పటికీ బతికే ఉంది. ఇంగ్లిష్ టీచర్ని కదా, ఇలాంటివి దొరికితే చెప్పకుండా ఉండలేను.

అసలు విషయానికొస్తాను. మామూలు టైరులో కారు బరువును మోసేది గాలి. గాలి పోతే టైరు పక్క గోడ నలిగిపోయి, రిమ్ము రోడ్డుకు తగులుతుంది. రన్‌ఫ్లాట్ టైరులో ఆ పక్క గోడను మందంగా, గట్టిగా కడతారు. గాలి పూర్తిగా పోయినా ఆ గోడే కొంతసేపు బరువు మోస్తుంది. కంపెనీలు సాధారణంగా చెప్పే లెక్క ఏమిటంటే, గంటకు 80 కిలోమీటర్లు మించకుండా నడిపితే సుమారు 80 కిలోమీటర్లు వెళ్లొచ్చు. కారు నిండా జనం, సామాను ఉంటే ఆ దూరం తగ్గుతుంది. మన లెక్కలో చెప్పాలంటే, దెందులూరు దగ్గర హైవే మీద పంక్చరైతే దిగకుండా, జాకీ తీయకుండా, విజయవాడ దాకా మెల్లగా వెళ్లిపోవచ్చు.

డిబేట్‌లో రన్‌ఫ్లాట్ తరఫున మాట్లాడిన అమ్మాయి ఒక్కటే అడిగింది. "రాత్రి పూట అమ్మ ఒక్కతే కారు నడుపుతోంది, వెనక మేం నిద్రపోతున్నాం. అప్పుడు లారీలు పోయే రోడ్డు పక్కన దిగి టైరు మార్చమంటారా?" అవతలి జట్టు కాసేపు నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు. ఎందుకంటే అలాంటి రాత్రి నాకూ ఒకటి ఉంది.

రెండేళ్ల క్రితం కైకలూరులో బంధువుల పెళ్లికి వెళ్లి, నాన్న, అమ్మ, నేను కొల్లేరు మీదుగా ఏలూరు వైపు తిరిగొస్తున్నాం. యడ్లగాడి దాటాక వెనక టైరు కూర్చుంది. రాత్రి పదవుతోంది. అటూ ఇటూ నీళ్లు, చేపల చెరువుల గట్లు, దూరంగా ఎక్కడో ఒక మోటారు షెడ్డు లైటు. కారును పక్కకు ఆపుదామంటే పక్క అనేదే లేదు. నాన్న డిక్కీ తెరిచి స్టెప్నీ దింపారు. నేలకు తగలగానే అదీ మెత్తగా కూర్చుంది. కారు కొన్నాక దానికి ఒక్కసారి కూడా గాలి పట్టించలేదు మేము. అమ్మ నాన్నను ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువైంది.

చివరికి చేపల లోడుతో వెళ్తున్న లారీ ఒకటి ఆగింది. లారీ బ్రేకులకు గాలి ట్యాంకు ఉంటుంది కదా, డ్రైవరన్న దానికి ఒక పైపు తగిలించి మా స్టెప్నీకి గాలి కొట్టిచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "చక్రాలు నాలుగు కాదు బాబాయ్, ఐదు" అని నాన్నకు చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి మా కారుకు రన్‌ఫ్లాట్ టైర్లుంటే దిగకుండానే దెందులూరు చేరేవాళ్లం. ఇది ఒప్పుకోవాల్సిందే. టైరులో గాలి ఒక్కసారిగా పోయినా కారు ఒక పక్కకు లాగేయకుండా అదుపులో ఉండటం రన్‌ఫ్లాట్‌తో ఇంకో లాభం. స్టెప్నీ అక్కర్లేదు కాబట్టి డిక్కీలో చోటు మిగులుతుంది.

కానీ కథ ఆ రాత్రితో అయిపోదు, మర్నాడు పొద్దున కూడా ఉంటుంది. మా టైరుకు దిగిన మేకును ఏలూరులో పంక్చర్ షాపు అబ్బాయి పావుగంటలో తీసేసి, ప్యాచ్ వేసి, నూట యాభై తీసుకున్నాడు. అదే రన్‌ఫ్లాట్‌ను గాలి లేకుండా నలభై కిలోమీటర్లు నడిపి ఉంటే, లోపలి గోడ వేడికి ఎంత దెబ్బతిందో బయటికి కనబడదు. అందుకే చాలా కంపెనీలు అలా నడిపిన టైరుకు రిపేరు వద్దు, మార్చేయండి అంటాయి. దాని ఖరీదు మామూలు టైరు కంటే బాగా ఎక్కువ. పైగా ఆ సైజు మన వైపు షాపులో సిద్ధంగా ఉంటుందన్న నమ్మకం లేదు. తెప్పించాలంటే విజయవాడకో హైదరాబాద్‌కో ఫోన్ చేయాలి, వచ్చేదాకా కారు ఇంటి ముందే. దాని గట్టి గోడను రిమ్ము మీద నుంచి ఊడదీయడం కూడా మామూలు షాపు పనిముట్లతో కష్టం.

ఇంకోటి, మన రోడ్లు. ఆరు వరసల హైవే మీద హాయిగానే ఉంటుంది. హైవే దిగి పల్లెల్లోకి తిరిగామంటే వర్షాకాలంలో గుంతల సంగతి మీకు చెప్పక్కర్లేదు. పక్క గోడ గట్టిగా ఉంటే ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది, రిమ్ముకు తగిలే దెబ్బా ఎక్కువే. టైరు బరువు పెరిగిన కొద్దీ మైలేజీ కొంచెం తగ్గుతుంది. గుంతలో పడి పక్క గోడే చీలిపోతే రన్‌ఫ్లాట్ కూడా ఏమీ చేయలేదు. దాని వల్ల ఉపయోగం గాలి పోయినప్పుడే.

ఇవన్నీ డిబేట్‌లో పిల్లలు దాదాపుగా చెప్పినవే. స్టెప్నీ జట్టు రెండు మార్కులతో గెలిచింది. అక్కడితో అయిపోయుంటే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు.

తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌కు ఒక తండ్రి వచ్చారు. మార్కుల షీటు చూడకముందే, "మేడమ్, మా అమ్మాయి ఆ రోజు ఇంటికొచ్చి డిక్కీ తెరిచి 'స్టెప్నీ ఎక్కడుంది నాన్నా' అనడిగింది" అన్నారు. ఆయన హైదరాబాద్ నుంచి ఒక పెద్ద కంపెనీ కారు సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నారు. అందులో స్టెప్నీ లేదు, దాన్ని పెట్టే గుంట కూడా లేదు. ఆ మోడల్ రన్‌ఫ్లాట్ టైర్లతో వస్తుంది, అందుకే ఇవ్వరు. బాగానే ఉంది. అనుమానం వచ్చి టైర్ల షాపులో చూపిస్తే, నాలుగూ మామూలు టైర్లేనట. పాత ఓనరు రన్‌ఫ్లాట్ టైర్లు అరిగిపోయాక ఖర్చెందుకని, కుదుపులెందుకని మామూలువి వేయించుకుని అమ్మేశాడు. అంటే గాలి పోతే నడిచే టైరూ లేదు, మార్చుకునే చక్రమూ లేదు. నాలుగు నెలలుగా ఈయన అదే కారులో ఇద్దరు పిల్లల్ని వేసుకుని తాడేపల్లిగూడెం, ఏలూరు తిరుగుతున్నారు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. రన్‌ఫ్లాట్ మంచిదే, స్టెప్నీ మంచిదే. రెండూ లేని కారే ప్రమాదం, అలాంటి కార్లు పెరుగుతున్నాయని నా భయం. కొత్త కార్లలోనూ ఈ ధోరణి వచ్చేసింది. 2020 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. మూడున్నర టన్నుల లోపు బరువున్న ప్రయాణికుల వాహనాల్లో ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే సెన్సర్లు, పంక్చర్ కిట్ ఉంటే స్టెప్నీ ఇవ్వనక్కర్లేదు. కొన్ని ఎలక్ట్రిక్ కార్లు కిట్‌తోనే వస్తున్నాయి. ఆ కిట్‌లోని జిగురు మేకు గుచ్చుకున్న చిన్న రంధ్రానికి పనికొస్తుంది. పక్క గోడ కోసుకుపోతే పనికిరాదు. షోరూములో సన్‌రూఫ్ గురించి అరగంట అడుగుతాం, స్టెప్నీ గురించి అడిగేవాళ్లు ఎంతమంది?

నన్నడిగితే, ఏలూరు, గూడెం, కొల్లేరు మధ్య తిరిగేవాళ్లకు మామూలు ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి నిండిన స్టెప్నీయే మేలు. సెంటరుకో పంక్చర్ షాపు ఉన్న ప్రాంతం మనది. రాత్రిళ్లు హైవే మీద ఒంటరిగా ఎక్కువ దూరాలు నడిపేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు రన్‌ఫ్లాట్ ఖర్చు దండగేమీ కాదు. వేయిస్తే నాలుగూ అవే వేయించాలి. రెండు ఇవీ రెండు అవీ కలపకూడదు. గాలి హెచ్చరించే సెన్సర్లు పనిచేస్తున్నాయో లేదో తప్పక చూసుకోవాలి. గాలి పోయినా టైరు పైకి మామూలుగానే కనిపిస్తుంది, నడిపేవారికీ తెలియదు. ఎనభై కిలోమీటర్ల లెక్క ఎక్కడ మొదలైందో తెలియకపోతే ఆ టైరు వల్ల ప్రయోజనం ఏముంది?

ఈ ఆదివారం ఒక పది నిమిషాలు కేటాయించండి. మీ టైరు పక్క గోడ మీద అక్షరాలు చదవండి. బ్రిడ్జ్‌స్టోన్ అయితే ఆర్‌ఎఫ్‌టి అనీ, మిషెలిన్ అయితే జడ్‌పి అనీ, కాంటినెంటల్ అయితే ఎస్‌ఎస్‌ఆర్ అనీ ఉంటే అది రన్‌ఫ్లాట్. డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన అంటించిన కాగితం మీద ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది. పొద్దున్నే, బండి తిరగకముందు, ఐదు టైర్లకూ చూపించండి. అవును, ఐదు. జాకీ, వీల్ స్పానర్ ఉన్నాయో లేదో చూసి, మీ పదో తరగతి అమ్మాయి చేత ఒక్కసారి నట్లు వదులు చేయించండి. అబ్బాయి చేతే చేయించాలని ఎక్కడా రాసి లేదు. చేత్తో తిరగకపోతే స్పానర్ మీద కాలు పెట్టి తొక్కితే చాలు, నేను నేర్చుకున్నాను.

ఆ తండ్రి నిన్న గేటు దగ్గర కలిశారు. సరిపోయే స్పేర్ చక్రం వెతికి పట్టుకుని డిక్కీలో బెల్టుతో కట్టించారట. ఇప్పుడు చిన్నోడి సైకిల్ పట్టడం లేదని ఇంట్లో గొడవ.