వైవిధ్యోత్సవములలో తెలుగు బల్ల ఎవరిది?

నవంబరు, ఏప్రిల్ మాసములు వచ్చినవనిన మన జిల్లాలోని కళాశాలలలో సభలకు కొదువ యుండదు. నవంబరు 1వ తేదీన కన్నడ రాజ్యోత్సవము, 26న రాజ్యాంగ దినము, ఏప్రిల్ 14న డాక్టరు అంబేద్కరు జయంతి. వీనితోబాటు ‘వైవిధ్యోత్సవ’మను పేర విద్యార్థులు తలకొక రాష్ట్రపు వేషము ధరించి, బల్లలు పరచి, ఆయా ప్రాంతముల వంటలను, బొమ్మలను చూపు వేడుకయు ఈ నడుమ పరిపాటియైనది. మన సంఘమునకు ఆహ్వానములు వచ్చుచున్నవి. వాని వెంట చందా చీటీలును వచ్చుచున్నవి. వీనిలో మనము పాల్గొనవలెనా, పాల్గొనినచో ఏ తీరున పాల్గొనవలెను అను విషయమై మా అభిప్రాయమును సభ్యుల ముందుంచుట యుక్తమని తోచినది.

ఒక కళాశాల వేడుకలో మేము చూచినదానిని మొదట చెప్పెదము. కళాశాల పేరు అనవసరము. ‘ఆంధ్ర’ యని వ్రాసిన బల్లపై కొండపల్లి బొమ్మ, ఆవకాయ సీసా, తిరుమల శ్రీవారి పటము అమర్చియుండిరి. బల్ల వద్ద ఒక్క తెలుగు పిల్లవాడును లేడు. శ్రీనివాసపురము తాలూకానుండి వచ్చిన విద్యార్థి యొకడు, ఇంట తెలుగు తప్ప మాటలాడని వాడు, మైసూరు పేటా చుట్టుకొని ‘కర్ణాటక’ బల్ల వద్ద నిలిచియుండెను. అందులో అతని తప్పేమియు లేదు. బల్లలకు పేర్లు పెట్టినవారి లెక్కలో భాష యనగా రాష్ట్రము, రాష్ట్రమనగా భాష. ఆ లెక్క ప్రకారము కోలారు తెలుగువాడు తన ఊరిలోనే చుట్టపుచూపుగా వచ్చినవాడగుచున్నాడు.

ఈ సీమ సంగతి అట్టిది కాదు. కైవారము తాతయ్యగారు గాజుల మలారము మోసికొని ఊరూర అమ్ముకొనుచు బ్రతికిన బలిజవారు. వారి తత్త్వములు తెలుగునను గలవు, కన్నడమునను గలవు. మాస్తి గ్రామమువారైన మాస్తి వెంకటేశ అయ్యంగారి ఇంటిభాష తమిళము. 1983లో జ్ఞానపీఠ పురస్కారము వారికి లభించినది కన్నడ రచనకు. ఇక బంగారు గనుల పట్టణములో ఒక వీధిలో నాలుగు భాషలు వినబడుట మన తాతల నాటినుండి ఉన్నదే. కావున మన జిల్లా వేడుకలో తెలుగును పొరుగు రాష్ట్రపు వస్తువుగా గాక కోలారు భాషలలో నొకటిగా చూపవలెనని కోరుట మన హక్కు. ఇంతవరకు సభ్యులలో భిన్నాభిప్రాయ ముండదని తలంచుచున్నాము.

భిన్నాభిప్రాయము ఇక ముందున్నది. ఆ బల్లపై ఉంచవలసిన తెలుగు ఎవరి తెలుగు? 2011 జనగణన ప్రకారము కోలారు జిల్లాలో నూటికి ముప్పదిమంది షెడ్యూల్డు కులములవారు. కర్ణాటక రాష్ట్రములో మరి ఏ జిల్లాలోను ఇంత నిష్పత్తి లేదు. ముళబాగిలు, శ్రీనివాసపురము తాలూకాలలోని దళితవాడలలో తెలుగే ఇంటిభాషగా గలవారు అనేకులు. భాషాల్పసంఖ్యాకుల లెక్క చెప్పవలసి వచ్చినపుడు మనము వారిని గూడ కలుపుకొనియే చెప్పుచున్నాము. బల్ల పరచునపుడు మాత్రము కూచిపూడి బొమ్మకు చోటు దొరకును, తప్పెటకు దొరకదు. మన వైపు పలక యనియు, కన్నడమున తమటె యనియు పిలుచు ఆ వాద్యము ఏ జాతరకైనను లేనిదే కాదు గదా! 1941లో ‘గబ్బిలము’ వ్రాసిన గుఱ్ఱము జాషువాగారి పటము ఆ బల్లపై ఉండిన, వచ్చిపోవు కన్నడ, తమిళ విద్యార్థులు ఈయన ఎవరని అడుగుదురు. అట్లు అడిగించుకొనుటయే ఆ వేడుక వలన కలుగు లాభము. ఆవకాయను గూర్చి అడుగువారెవరు? తినిపోవుదురు.

పెద్దలు కొందరు మాతో ననినదేమనగా, “మనది భాషా సంఘము, కులముల గొడవలో మన కేమి పని? అంబేద్కరు జయంతికి ఒక పూలమాల పంపిన చాలును” అని. వారియెడ మాకు గౌరవము కలదు. వారు సంఘమును అర్ధ శతాబ్దముగా కాపాడినవారు. అయినను ఈ మాటను మేము అంగీకరింపజాలము. మనము వినతిపత్రము వ్రాసిన ప్రతిసారియు రాజ్యాంగములోని 29, 30 అధికరణములను, ప్రాథమిక విద్య మాతృభాషలో నుండవలెనను 350-ఎ అధికరణమును ఉదాహరించుచుందుము. కుల వివక్షను నిషేధించు 15వ అధికరణము, అంటరానితనమును రద్దుచేసిన 17వ అధికరణము ఆ పుస్తకములోనివే. మన కక్కరయైన పుటలను మాత్రము చదివి, తక్కినవి ఇతరులవనుట కొనుటకొక రాయి, అమ్ముటకొక రాయి వాడు వర్తకుని పద్ధతి. అంగడిలో దానిని మనమే తప్పుపట్టుదుము.

ఇది మన తెలుగువారి విషయమే యనుటకు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున జరిగినది చాలును. గుంటూరువాడైన రోహిత్ వేముల అచట పరిశోధక విద్యార్థి. 2015లో విద్యార్థి సంఘముల మధ్య తగవు పుట్టి, అతనితోగూడ ఐదుగురిని వసతిగృహమునుండి వెడలగొట్టిరి. వారు ఆవరణములోనే గుడారము వేసికొని దానికి ‘వెలివాడ’ యని పేరు పెట్టిరి. ఆ పేరు మన భాషలోని పాత మాట. ఏ ఊరికి ఏ దిక్కున వాడ యున్నదో మనకు చెప్పనక్కరలేదు. నెలల తరబడి అతనికి రావలసిన పరిశోధనా వేతనమును అందలేదు. 2016 జనవరి 17న అతడు ప్రాణము తీసికొనెను. మరణించిన పిదప గూడ అతని కులమేదను వివాదము ఏండ్ల తరబడి సాగినది. ఆ విశ్వవిద్యాలయములో జయంతులు జరుగలేదా, సమత్వమును గూర్చి ఉపన్యాసములు లేవా? అన్నియు నుండినవి.

నియమములును లేకపోలేదు. ప్రతి ఉన్నత విద్యాసంస్థలోను సమానావకాశ విభాగము, వివక్షను విచారించు అధికారి యుండవలెనని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2012లోనే నియమావళి చేసినది. అది సరిగా అమలు జరుగుట లేదని రోహిత్ తల్లియు, ముంబయిలో 2019లో మరణించిన వైద్య విద్యార్థిని పాయల్ తడ్వి తల్లియు సుప్రీంకోర్టు నాశ్రయించిరి. 2026 జనవరిలో కొత్త నియమావళి వెలువడినది. దేశమంతట అలజడి రేగగా ఆ నెలలోనే న్యాయస్థానము దానిని నిలిపివేసి, 2012 నాటిదే సాగవలెనని ఆదేశించినది. ఆ వాదములలోనికి మేము పోము. పాత నియమావళి ప్రకారమైనను మన కళాశాలలలో ఆ అధికారి ఎవరో, ఏ గదిలో కూర్చుండునో విద్యార్థి కెందరికి తెలియును? వేడుకనాడు ఆ పేరును ఒక పలకపై వ్రాసి ద్వారము వద్ద కట్టిన, నిలువెత్తు ఫ్లెక్సీ పటములకు పెట్టు ఖర్చులో పదియవ వంతు కాదు.

మన జిల్లాలో అట్టివేమియు లేవని ఎవరైన ననినచో, 2022 సెప్టెంబరును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మాలూరు తాలూకా ఉల్లేరహళ్లిలో దేవుని కొయ్యను ముట్టినాడని ఒక దళిత బాలుని కుటుంబమునకు ఊరిపెద్దలు 60,000 రూపాయలు జరిమానా విధించిరి. 2023 డిసెంబరులో అదే తాలూకాలోని యొక వసతి పాఠశాలలో షెడ్యూల్డు కులముల పిల్లలను మలకుండీలోనికి దింపి శుభ్రము చేయించిరి. ఆ పిల్లల వంటివారే నాలుగైదేండ్లలో పెద్దవారై కళాశాల మెట్లెక్కుదురు. 2017లో బెంగళూరు విశ్వవిద్యాలయమును విభజించి, టమకలో ముఖ్యస్థానముగా బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయమును నెలకొల్పిన తరువాత మన రెండు జిల్లాల కళాశాలలు దాని క్రిందికి వచ్చినవి. మన పిల్లలును వారును ఒకే బెంచీపై కూర్చుండువారు.

గనుల పట్టణపువారికి ఈ మాట క్రొత్త కాదు. ఇరువదవ శతాబ్ది మొదటి దశకములలోనే పండిత అయోతిదాసుగారి బౌద్ధ సంఘము మారికుప్పములో శాఖను నెలకొల్పుకొన్నది. గనిలో దిగు తమిళ దళిత కార్మికులు తమ కూలి డబ్బులతో సభలు జరుపుకొని, పుస్తకములు అచ్చొత్తించుకొనిరి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడినవి గాని ఆ చదువుపట్టు వారి యిండ్లలో మూతబడలేదు. ఆ చరిత్రలో తెలుగువారు ఎచ్చట నుండిరో మన యువకులు ఎవరైన వెదకి వ్రాసిన ఈ పత్రికలో చోటిత్తుము.

కావున మా సూచనలు ఇవి. ఆహ్వానము వచ్చిన చోటికెల్ల పోవుదము. అయితే బల్లకు ‘ఆంధ్ర’ యని గాక ‘కోలారు తెలుగు’ అని పేరుండిననే పోవుదము. ముళబాగిలు తాలూకానుండి పలకల బృందమును పిలిపించుదము. నాట్యము చేయు బాలికలకు ఇచ్చు పారితోషికమునే, అదే వేదికపై, వారికి నిత్తము. వెనుకవైపు భోజనము పెట్టి పంపుట కూడదు. విద్యార్థివేతనము ఆలస్యమై రుసుము కట్టలేని పిల్లలకు, అది వచ్చువరకు వడ్డీలేని బదులు ఇచ్చుటకు చిన్న నిధి యొకటి ఏర్పరచవలెను. చేబదులు విలువ వ్యాపారస్థులమైన మనకన్న ఎవరికి తెలియును!

అన్నిటికన్న కష్టమైనది అద్దె గదుల సంగతి. కోలారులోను, రాబర్ట్‌సన్‌పేటలోను మన కుటుంబములకు ఇండ్లున్నవి. విద్యార్థి గది కొరకు వచ్చినపుడు ఊరు పేరు, తండ్రి పేరు అడిగిన తరువాత, మూడవ ప్రశ్న ఏదో అందరకు తెలిసినదే. పిల్లవాడు తెలుగువాడే యగును, మన సంఘపు లెక్కలో నున్నవాడే యగును. అయినను గది ఖాళీ లేదందురు. మరునాడు అదే గది మరొకరికి దొరకును. సమతా దినమున వేదికపై మన కండువా కప్పుకొని కూర్చుండుటకు ముందు ఈ యొక్క విషయమున సభ్యులు ఒక నిర్ణయమునకు రావలెనని మేము పట్టుదలతో కోరుచున్నాము.

గదులు గల సభ్యులు తమ పేర్లను సంఘ కార్యాలయములో వ్రాయించినచో జాబితా నొకటి తయారుచేసి కళాశాలలకు పంపుదుము. ఆ జాబితాలో గది కొలత, అద్దె, నీటి వసతి మాత్రమే యుండును. పలకల బృందమునకు ముందుగా బయానా ఇవ్వవలసి యున్నందున చందాలు ఈ నెలాఖరులోపల అందవలెను.