ఉప్పుగాలి బయటపెట్టిన మోసం

మైపాడు దగ్గర రొయ్యల గుంటలు చేసే మా తోడల్లుడు నిరుడు మార్చిలో ఒక తెల్లకారు కొన్నాడు. నెల్లూరులో పాత బండ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీ వాళ్ల దగ్గర, 4 లక్షల 60 వేలకు. ‘సింగిల్ ఓనర్ అన్నా, డాక్టరు గారి బండి, గీత కూడా పడలా’ అన్నారట. చూడ్డానికి అద్దంలాగే ఉంది. కార్తీక మాసం వానలు మొదలయ్యేసరికి డిక్కీ అంచున పెయింటు బొబ్బలెక్కింది. గోటితో గీరితే పెచ్చు ఊడి కింద ఎర్రగా తుప్పు కనిపించింది.

షెడ్డుకు నేనూ వెళ్లాను. మేస్త్రి స్టెప్నీ బయటికి తీసి, అడుగున పరిచిన మ్యాట్ ఎత్తి, టార్చి వేసి చూపించాడు. ఒకపక్క కంపెనీ వెల్డింగు చుక్కలు కొలిచి పెట్టినట్టు వరసగా ఉన్నాయి. రెండోపక్క చుక్కలే లేవు. రేకు మీద రేకు అతికి, పైన సీలెంటును బ్రష్షుతో పూసిన చారలున్నాయి. ‘వెనకనించి లారీ కొట్టినట్టుండాది సార్. వెనకభాగం కోసి వేరేది అతికిచ్చుండారు’ అన్నాడు. ఈ బండిలోనే మావాడు రోజూ ఇద్దరు పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టి బడికి తీసుకెళ్తున్నాడు.

కంపెనీలో రేకుకు రంగు వేసే ముందే తుప్పు పట్టకుండా పూత పడుతుంది. వెల్డింగు వేడికి ఆ పూత కాలిపోతుంది. మళ్లీ ఓపిగ్గా ప్రైమరు పట్టించాలి. రేపో మాపో అమ్మేసే బండికి అంత ఓపిక ఎవరికుంటుంది? పుట్టీ నింపి, సానబెట్టి, రంగు కొట్టేస్తారు. ఎండు ఊళ్లో ఏళ్ల తరబడి దాగే ఈ పని మైపాడు, కోడూరు, ఇస్కపల్లి గాలికి ఒక వానాకాలం కూడా ఆగదు.

మావాడు ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. చెప్పినచోటల్లా ‘చూసుకుని కొనొద్దా?’ అనే ప్రశ్నే ఎదురైందట. నాకు కోపం తెప్పించేది ఆ మాటే. రంగు కింద ఏముందో చూడగల కళ్లు ఎవరికున్నాయి? చూపకుండా దాచినవాణ్ని వదిలేసి, నమ్మి డబ్బు కట్టినవాణ్ని నిలదీస్తున్నాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షనే, తెలిసిన నిజాన్ని పనిగట్టుకుని కప్పిపుచ్చడాన్ని మోసమంది. అడగలేదు కాబట్టి చెప్పలేదనడం వేరు, పుట్టీ పెట్టి కనబడకుండా చేయడం వేరు. ‘ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను’ అని సంతకం పెట్టించుకున్నా ఆ కాగితం మోసానికి గొడుగు కాదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం పాత సరుకును వదిలేయలేదు. వస్తువు నాణ్యత గురించి అబద్ధం చెప్పి అమ్మడం ఆ చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి. బతుకుతెరువు కోసం తానే నడుపుకోవడానికి ట్యాక్సీ కొన్నవాడు కూడా వినియోగదారుడే. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌కే వెళ్లొచ్చు. 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. బండి ఎక్కడ కొన్నా సొంత ఊరు ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లాలోనే వేయొచ్చు. గడువు రెండేళ్లు. వకీలు లేకపోయినా వింటారు. ముందు 1915 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఒక మనిషి తన సొంత బండిని మరో మనిషికి అమ్ముకుంటే మాత్రం ఈ కమిషన్ దాకా రాదు, సివిల్ కోర్టుకే పోవాలి.

మావాడి కాగితాలు తిరగేస్తే అసలు చిక్కు అక్కడే కనబడింది. బండి పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, ఫారం 30 రెండింటి మీదా ఉన్నవి పాత యజమాని, మావాడి పేర్లే. ఎనిమిది రోజులు బండిని తమ షోరూములో నిలబెట్టి, బేరమాడి, లాభం తీసుకున్న కన్సల్టెన్సీ పేరు ఒక్క కాగితం మీదా లేదు. ‘మేం మధ్యవర్తులం అన్నా, కమీషనే మాది’ అంటున్నారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పాత బండ్ల డీలరు రవాణా శాఖ నుంచి అనుమతి పత్రం తీసుకోవాలి. యజమాని బండి అప్పగించగానే ఆ సంగతి ఫారం 29సీలో తెలపాలి. అప్పటినుంచి ఆ బండికి బాధ్యుడు డీలరే. ఇది నిజంగా అమలైతే మధ్యవర్తినన్న మాట నోటికి రాదు. కమీషన్ తీసుకున్నా అదీ డబ్బుకు చేసిన సేవే కదా.

గోవాలో ఒక కేసుంది. 2009లో తయారై, అప్పటికే కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన కారును 2011లో కొత్తదని ఒక డీలరు అంటగట్టాడు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఆ సంగతి తెలిసినట్టు రుజువు లేదని కారు తయారుచేసిన కంపెనీని తప్పించింది. అందుకే అమ్మిన చేయి ఎవరిదో కాగితం మీద ఉండాలి. మావాడికి ఆసరాగా మిగిలింది కన్సల్టెన్సీ ఖాతాకు పంపిన డబ్బు, ‘నాన్ యాక్సిడెంట్’ అని వాట్సాప్‌లో వాళ్లు పెట్టిన ప్రకటన. ఆ రెండే.

ఇంకొకటుంది, అది చూసి నాకు మనసు కలుక్కుమంది. పాత యజమాని బీమా పాలసీ నకలు మావాడి చేతికి మొదటిరోజే ఇచ్చారు. ఏ క్లెయిమూ లేకుండా ఐదేళ్లు నడిచిన బండికి నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉంటుంది. ఆరేళ్ల ఈ బండి పాలసీలో ఆ గడిలో సున్నా. అంత పెద్ద సాక్ష్యం చేతిలో ఉండి కూడా ఎవరూ చదవలేదు.

పాలసీలో ఎక్కడో ఒక గడిలో దాక్కోవాల్సిన సంగతి కాదిది. బండి నంబరు కొడితే యజమాని ఎన్నో వాడో, ఫైనాన్స్ ఉందో లేదో సెల్‌ఫోన్‌లో కనిపిస్తోంది. ఎన్ని క్లెయిములు, ఎంత నష్టం అన్నది బీమా కంపెనీల దగ్గర ఉంది. రిపేరు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే పూర్తి నష్టం కింద లెక్కగట్టి తీసుకుంటారు. ఆ బండ్లు వేలానికి పోతాయి, కొన్ని మళ్లీ రోడ్డెక్కుతాయి. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర హైవే తెగినప్పుడు, 2023 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు నీళ్లు తాగిన బండ్లు ఎక్కడికి పోయాయి? కొనేవాడికి ఆ చరిత్ర కనబడేలా చేయడానికి కొత్త శాస్త్రం అక్కర్లేదు. రవాణా శాఖ, బీమా కంపెనీలు రెండు జాబితాలు కలిపితే చాలు.

మావాడు బండి రిపేరు చేయించలేదు. సర్వేయరు చూసేదాకా బోల్టు కూడా విప్పొద్దని మేస్త్రికి చెప్పాడు. పోయినవారం కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వచ్చింది: నలభై వేలిస్తాం, మంచి పెయింటు వేయించుకుని ఎవరికన్నా అమ్మేసుకో, కేసు వద్దు అని. ఆ డబ్బు మావాడికి ఇప్పుడు చాలా అవసరం. గుంటలో రొయ్య పట్టుబడికి ఇంకా రాలేదు.

‘దీంట్లో ఇంకొకడి పిల్లలు కూర్చోరా బావా?’ అని నన్నడిగి, ఫిర్యాదు కాగితాలు సంచిలో పెట్టుకుని నెల్లూరు బస్సెక్కాడు.