ఇల్లు కట్టబోతున్న తమ్ముడికి, ఇంటి దగ్గరున్న మనకు



పోయిన శనివారం రాత్రి మన సంఘ యువకుడొకడు అమెరికా నుంచి ఫోను చేశాడు. అక్కడ అతడు వెళ్ళే సంఘంలోని పన్నెండుమంది గ్వాటెమాల దేశం వెళ్ళి, వారం రోజులపాటు ఒక పేద కుటుంబం ఇల్లు కట్టుకోవడానికి సాయపడతారట. టికెట్టు, బస, ఇంటి సామాను కోసం ఇచ్చే కానుక అన్నీ కలిపి మనిషికి రెండు లక్షల దాకా అవుతుందట. "అయ్యగారూ, వెళ్ళమంటారా? నాన్న ఒప్పుకోవడం లేదు" అన్నాడు.

మర్నాడు ఆరాధన అయ్యాక ఆ తండ్రే మమ్మల్ని వేపచెట్టు కింద ఆపాడు. "వాడు ఏనాడూ పార పట్టినోడు కాదయ్యగారూ. వాడు పెట్టిన ఇటుకను మేస్త్రి మళ్ళీ తీసి పెట్టుకోవాల్సిందే. ఆ రెండు లక్షలు ఇటు పంపితే మన దగ్గరే ఒకరింటికి స్లాబు పడదా?" అన్నాడు.

తండ్రి కోపం వెనక న్యాయమైన ప్రశ్న ఉంది. దాని గురించి ప్రార్థించాక మాకు తోచింది మీ ముందుంచుతున్నాం.

ముందుగా ఆయన మాటలోని నిజాన్ని ఒప్పుకుందాం. గ్వాటెమాలలోనూ తాపీమేస్త్రులున్నారు. వారికీ రోజుకూలి కావాలి. చేతకాని పనికి విమానమెక్కి వెళ్ళి, పేదవాడి గడప ముందు ఫోటో దిగి వచ్చేస్తే అది సేవ కాదు, యాత్ర. కుడిచేయి చేసింది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు, ఫోన్లో పెట్టుకోమంటాడా?

అయితే ఈ పని ఎక్కడ పుట్టిందో కూడా తెలుసుకోవాలి. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో క్లారెన్స్ జోర్డాన్ అనే గ్రీకు నూతన నిబంధన పండితుడు 1942లో ఒక వ్యవసాయ క్షేత్రం మొదలుపెట్టాడు. దాని పేరు కొయినోనియా, అంటే సహవాసం. నల్లవారూ తెల్లవారూ ఒకే బల్ల దగ్గర భోంచేసినందుకు ఆ క్షేత్రం ఎన్నో దాడులు భరించింది. ముప్పై ఏళ్ళైనా నిండకముందే కోటీశ్వరుడై, తన కాపురమే కూలిపోబోతుంటే మేల్కొని, ఆస్తి పంచిపెట్టిన మిలర్డ్ ఫుల్లర్ అనే లాయరు తన భార్య లిండాతో అక్కడికి చేరాడు. ఆ దంపతులు 1973లో ఆఫ్రికాలోని జైర్ వెళ్ళి మూడేళ్ళు ఇళ్ళు కట్టించారు. తిరిగొచ్చి 1976లో హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థ స్థాపించారు. అది మన దేశంలో 1983లో తొలిసారి పని మొదలుపెట్టింది ఎక్కడో తెలుసా? మన ఖమ్మంలోనే.

వారు మొదట పెట్టుకున్న పద్ధతిలో మూడు సంగతులున్నాయి. ఇంటి మీద లాభం తీసుకోరు. ఇంటి అప్పు మీద వడ్డీ తీసుకోరు. ఇల్లు పొందే కుటుంబం కూడా ఒళ్ళు వంచి పనిచేయాలి. కట్టిన వాయిదాలు మరో కుటుంబం ఇంటికి పోతాయి. అంటే ఇది దానం కాదు. ఇంటివారు చేయి చాచరు, చేయి కలుపుతారు. బయటినుంచి వచ్చినవారు వారి పక్కన నిలబడి ఇసుక జల్లెడ పడతారు, మాలు కలుపుతారు, వరసలో నిలబడి ఇటుకలు అందిస్తారు. మట్టం చూసేది, గుండు వేసేది మాత్రం ఆ ఊరి మేస్త్రే.

జిమ్మీ కార్టర్ గారు అమెరికా అధ్యక్ష పదవి దిగిపోయాక 1984 నుంచి ఏటా ఇలాగే సుత్తి పట్టారు. 2006లో మన దేశానికి వచ్చి, లోనావాలా దగ్గర వంద కుటుంబాల ఇళ్ళ పనిలో పాలుపంచుకున్నారు. 2019లో 95 ఏళ్ళ వయసులో కిందపడి, నుదుటికి 14 కుట్లు పడినా నాష్‌విల్‌లో ఇళ్ళ పనికి హాజరయ్యారు. ఆయన పెట్టిన ఇటుక ఏ మేస్త్రి ఇటుకకన్నా గొప్పది కాదు. కానీ దేశాన్ని ఏలిన మనిషి పేదవాడి ఇంటి దగ్గర కూలివాడిలా నిలబడితే, ఆ ఇంటివాడి తల ఎంత ఎత్తుకు లేస్తుందో ఆలోచించండి. ఆ విలువ రెండు లక్షల లెక్కలో దొరకదు.

ఇప్పుడు నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయం తెరవండి. పేర్ల జాబితా అని మనం దాటేసే అధ్యాయం అది. యెరూషలేము గోడ కట్టినవారిలో యెరికోవారున్నారు, తెకోవీయులున్నారు. అది వారి ఊరు కాదు, ఆ గోడ వారిని కాపాడదు. అయినా వచ్చి కట్టారు. తెకోవ పెద్దమనుషులు మాత్రం మెడ వంచలేదని వాక్యం దాచకుండా రాసింది. షల్లూము తన కుమార్తెలతో కలిసి కట్టాడు. కాబట్టి పరాయి ఊరి గోడ కట్టడం తప్పని మేము చెప్పలేం. తమ్ముడు వెళ్ళవచ్చు.

అయితే అదే అధ్యాయం 28వ వచనంలో యాజకులు ఎవరింటికి ఎదురుగా వారు కట్టారని ఉంది. అంటే మొదట మాకే ఆ మాట. ఇక 5వ అధ్యాయంలో గోడ పని మధ్యలోనే పేదల కేక వినబడుతుంది. పొలాలు, ఇళ్ళు తాకట్టులో ఉన్నాయి, అప్పిచ్చినవారు సొంత సహోదరులే. నెహెమ్యా మందలించాడు. తానూ తనవారూ అప్పిచ్చినవారమేనని ఒప్పుకొని, వడ్డీ మానేద్దామన్నాడు.

ప్రియులారా, మన సంఘంలో ఒక విధవరాలు ఇందిరమ్మ ఇల్లు మొదలుపెట్టింది. ప్రభుత్వం ఇచ్చే సొమ్ము పని దశ పూర్తయ్యాకే పడుతుంది. ముందు పెట్టుబడి ఎక్కడిది? నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చింది. నెలకు మూడు వేలు. మిరపకాయలు ఏరిన కూలి అంతా వడ్డీకే పోతోంది. గోడలు దర్వాజాల ఎత్తులో ఆరు నెలలుగా ఆగిపోయాయి. ఆ లక్ష ఇచ్చినవారూ ఆమెతోపాటు ప్రభువు బల్లలో పాలుపొందేవారే.

వారిని వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు. ఆ ఇంటికి ముగ్గు పోసిన రోజు ప్రార్థన చేసింది మేమే. టీ తాగి, కానుక తీసుకొని వచ్చేశాం. "డబ్బు ఎక్కడిదమ్మా?" అని ఒక్క మాట అడగలేదు. ఆ సంవత్సరమే మందిరం ప్రహరీ గోడకు మీ దగ్గర చందాలు వసూలు చేశాం. మా ఇంటికి ఎదురుగా ఉన్న గోడను మేము చూడలేదు. ప్రభువు మమ్మల్ని క్షమించునుగాక.

కాబట్టి తమ్ముడికి మా మాట ఇది. వెళ్ళు నాయనా. ఆ ఊరి మేస్త్రి చెప్పినట్టు విను. ఇంటివాళ్ళ పేర్లు నేర్చుకో, వాళ్ళు పెట్టింది తిను. ఫోన్ సంచిలోనే ఉంచు. వచ్చే సెలవుల్లో ఇక్కడికి వచ్చినప్పుడు అదే చేత్తో మీ నాన్నతో కలిసి ఈ అక్క ఇంటికి ఇటుకలు అందించు. అప్పుడు మీ నాన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఇక మనకు. ప్రహరీకి కూడిన సొమ్ములోంచి ఇళ్ళు కట్టుకునేవారికి వడ్డీ లేని చేబదులు ఇద్దామని వచ్చే ఆదివారం సంఘ పెద్దల ముందు పెడుతున్నాం. బిల్లు పడగానే వారు తిరిగి కడతారు, అది మరొకరికి వెళుతుంది. గోడ లేకపోయినా మందిరం నిలుస్తుంది. అప్పిచ్చినవారిని బ్రతిమాలుకుంటున్నాం: అసలు తీసుకోండి, వడ్డీ వదిలేయండి. నిర్గమకాండము 22:25 ఈ రాత్రి మీ ఇంట్లో చదవండి.

శనివారం ఉదయం ఏడింటికి మేమూ అమ్మగారూ పార, తట్టలతో ఆ సహోదరి ఇంటి దగ్గర ఉంటాం. ఇసుక జల్లెడ పట్టాలి. మేస్త్రికి కూలి ఇచ్చే పిలిచాం. మీలో ఎవరొస్తారో చూస్తాం.

వడ్రంగివాని ఇంట పెరిగిన ప్రభువు మన చేతుల పనిని స్థిరపరచునుగాక. ఆమేన్.