మన యిల్లు, మన వాడ: “నా తరువాత వీరికెవరు?”



వికలాంగులైన బిడ్డలను పెంచుచున్న తల్లుల నోట తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. వైద్యమును గూర్చియు, చదువును గూర్చియు, సర్కారు పింఛనును గూర్చియు ఎంతసేపు మాటలాడినను తుదకు వారందరును ఆ ప్రశ్న యొద్దకే వచ్చి చేరుదురు. “నేనున్నంత కాలము నేను చూచుకొందును. నా తరువాత వీరికెవరు?” ఈ మాసము దీనిని గూర్చియే నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. ఇది ఆ తల్లుల ప్రశ్న మాత్రమే కాదనియు, దీనికి ప్రత్యుత్తరము చాలవరకు వాడలోని స్త్రీల చేతులలోనే యున్నదనియు మా నమ్మకము.

మొదట ఒక చిన్న లెక్క. 2011 సంవత్సరపు జనాభా లెక్కలలో మన దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది యని తేలినది. అనగా నూటికి ఇద్దరికి మించి యన్నమాట. ఏబది ఇండ్లు గల వీధిలో, ఇంటికి నలుగురి చొప్పున జనమున్నచో, అందు నలుగురైనను వికలాంగులుండవలెను. మన వీధిలో ఆ నలుగురు మన కంటికి అగుపడుచున్నారా? అగుపడనిచో వారు లేరని తలంపరాదు. తలుపుల వెనుక నున్నారని తెలియవలెను.

ప్రభుత్వము వలన కలుగు సహాయము కొంచెము కాదు. 1995 నాటి చట్టము ఏడు విధములైన వైకల్యములను మాత్రమే గుర్తింపగా, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువది యొక విధములను గుర్తించినది. నూటికి నలుబది పాళ్లకు తక్కువ గాని వైకల్యము గల పిల్లలకు ఆరవ యేట నుండి పదునెనిమిదవ యేటి వరకు ఉచిత విద్య ఆ చట్టము వలన కలిగిన హక్కు. ఆంధ్రప్రదేశమున 2024 జూలై నుండి నెలసరి పింఛనును 3,000 రూపాయల నుండి 6,000 రూపాయలకును, మంచము విడువలేని వారికి 15,000 రూపాయలకును పెంచిరి. తెలంగాణమున 2023లో 3,016 రూపాయలుగా నున్న దానిని 4,016 రూపాయలు చేసిరి. మండలములలో ‘భవిత’ కేంద్రములు వెలసి, నడువలేని పిల్లలకును, మాటరాని పిల్లలకును శిక్షణ ఇచ్చుచున్నవి. ఇవన్నియు అడిగి పొందవలసినవే. బిచ్చమని సిగ్గుపడి మానుకొనవలసినవి కావు.

అయినను ఆ చట్టమునందే అయిదవ ప్రకరణమున మరియొక మాట కలదు. వికలాంగులకు సమాజము నడుమ జీవించు హక్కు గలదని అది చెప్పుచున్నది. ఇచ్చటనే ఉండవలెనని వారినెవరును నిర్బంధింపరాదు. నలుగురిలో బ్రదుకుటకు వలయు సహాయము వారికి అందవలెను. ఇంతవరకు చట్టము చెప్పగలదు. కాని చట్టము ఇరుగుపొరుగును పుట్టింపజాలదు. పింఛను బియ్యము తెచ్చును, మందులు తెచ్చును. పండుగనాడు “రావమ్మా, కూర్చుండుము” అను పిలుపును తేజాలదు.

ఒక మంచము, ఒక కిటికీ, ఒక తల్లి. ఇంతటితో ముప్పది నలుబది యేండ్లు గడచిపోవు బ్రదుకులు మన నడుమ ఎన్ని లేవు! వేళకు కూడు, ఒంటికి గుడ్డ ఉన్నచో “వానికేమి లోటు?” అని మనమందుము. కాని మనుష్యుల పొత్తు లేనిచో మనసు కృశించును, మనసుతోపాటు ఒడలును కృశించును. అంతకంటె పెద్ద ముప్పు మరియొకటి యున్నది. బిడ్డ యేమి తినునో, దేనికి బెదరునో, ఏ సైగకు ఏమి యర్థమో తల్లి యొకతెకే తెలిసియున్నపుడు, ఆ తల్లి కన్నుమూసిన మరునాడు ఆ బిడ్డ పుట్టిన యింటనే పరదేశి యగును.

ఈ ప్రశ్నకు ఒక ఊరంతయు కలిసి చెప్పిన ప్రత్యుత్తరము మనకు దూరమున, ఐరోపా ఖండమున నొకటి కలదు. బెల్జియము దేశములో గీల్ అను పట్టణమున డింఫ్నా యను పుణ్యవతి పేర వెలసిన దేవాలయమున్నది. మతి చలించినవారిని ఆమె కాపాడునను నమ్మికతో నడిమి యుగముల నుండియు బంధువులు అట్టివారిని అచ్చటికి తోడ్కొని వచ్చెడివారు. గుడియొద్ద చోటు చాలనందున ఊరివారు వారిని తమ తమ ఇండ్లలో నుంచుకొనసాగిరి. ఆ యాచారమే తరతరములుగా నిలిచినది. పందొమ్మిదవ శతాబ్ది నడుమ ప్రభుత్వము దీని పర్యవేక్షణమును తన చేతికి తీసికొన్నది. 1938లో 3,700 మందికి పైగా ఆ ఊరి ఇండ్లలో కాపురముండిరి. ఇంట నుంచుకొన్నవారికి రోగము పేరు చెప్పరు. ఎట్టివాడో కలిసి యుండి వారే తెలిసికొందురు. వచ్చినవానిని రోగి యనక, ఇంట బసచేయువాడనియే యందురు. అతడు వారితో బల్లయొద్ద కూర్చుండి తినును, చేతనైన పని చేయును. ఇరువది ముప్పది యేండ్లు ఒకే యింట గడపినవారు పెక్కుమంది. ఆ యింటి తల్లి గతించినపుడు ఆమె కుమారుడో కుమార్తెయో అతనిని తమతో నుంచుకొనుటయు కలదు. “నా తరువాత ఎవరు?” అను మాటకు అచ్చట ఎదురుగా ఒక మనిషి నిలిచియున్నాడు.

అదంతయు ఒట్టి దయవలన జరిగినది కాదు. వెనుక ఆసుపత్రి యున్నది. నర్సులు ఇంటింటికి వచ్చి చూచుచుందురు. పోషణకుగాను ఆ కుటుంబమునకు కొంత సొమ్ము ముట్టును. అనగా సర్కారు సహాయమును, ఇంటివారి పొత్తును రెండును కలిసినవి. నేడు కుటుంబములు చిన్నవై యా సంఖ్య మిక్కిలి తగ్గినది. అయినను 2023లో యునెస్కో సంస్థ ఈ యాచారమును కాపాడదగిన మంచి పద్ధతుల పట్టికలో చేర్చినది.

మనము పరాయివారిని ఇంట నుంచుకొనవలెనని మేము చెప్పబోవుట లేదు. మన వాడలో నున్నవారిని వాడవారిగా ఎరుగుటయే మనము చేయవలసినది. మా వీధిలో నలుబది యేండ్ల స్త్రీ యొకతె కలదు. ఆమె బుద్ధి చిన్నపిల్ల బుద్ధివలె నిలిచిపోయినది. తల్లి ఆమెను దాచలేదు. ప్రతి సాయంకాలము అరుగుమీద కూర్చుండబెట్టి పూలు కట్టుట నేర్పినది. అల్లిక వదులుగా నుండునని మొదట ఒకరిద్దరు గొణిగిరి. క్రమముగా వీధిలోని పూజలకన్నిటికిని ఆమె మాలలే పోసాగినవి. మొన్నటి యేడు తల్లి జబ్బుపడి పదిదినములు ఆసుపత్రిలో నుండవలసి వచ్చెను. ఆ పదిదినములు ఆమెకు చారు అన్నము గాని కూర అన్నము రుచింపదని ఎరిగినవారు ఆరిండ్లలో నుండిరి. రాత్రి దీపమార్పినచో భయపడునని తెలిసిన పొరుగావిడ తానే వచ్చి ప్రక్కన పండుకొనెను. పింఛను ఆ పదిదినములును వచ్చుచునే యున్నది. కాని దీపమును గూర్చి దానికేమి తెలియును?

కావున మన చేతిలో నున్న పనులు కొన్ని చెప్పెదము.

మొదటిది పిలుపు. పేరంటమునకు పిలువబోయి గడపలో నిలిచి “అందరును రావలెను” అని వచ్చుట చాలదు. ఆ యింట వికలాంగురాలైన యాడుబిడ్డ యున్నచో ఆమెకు వేరుగా బొట్టుపెట్టి, పేరుపెట్టి పిలువవలెను. శ్రావణ శుక్రవారపు వాయనమైనను, బతుకమ్మ యాటయైనను, బొమ్మల కొలువైనను ఇదియే మర్యాద. రానిచో మరల పిలువుడు. ఇరువది యేండ్లు పిలుపెరుగనివారు ఒక్క పిలుపునకే లేచి రారు.

రెండవది చోటు. చక్రముల కుర్చీకి మన గడపయే కొండ. దానికొక ఏటవాలు బల్ల వేయించినచో చాలును. ఒక అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవుండవలెనని లెక్క. అర్ధ అడుగు మెట్టునకు ఆరడుగుల బల్ల సరిపోవును. వేడుకను మేడమీద గాక క్రింది వసారాలో జరుపుకొనుడు. పంక్తి వేయునపుడు వారి విస్తరి అందరితోపాటే వేయుడు. వంటయింటిలో ముందుగా పెట్టి పంపివేయుట ఆదరణ కానేరదు.

మూడవది మాట. ఆమె ఎదుట కూర్చుండియుండగనే “ఈమె కాఫీ త్రాగునా?” అని తల్లిని అడుగుట మనకు వాడుకయైనది. ఆమెనే అడుగుడు. చూపులేనివారి యొద్దకు పోయినపుడు మన పేరు ముందు చెప్పుకొనవలెను. నడిపింపవలసి వచ్చినచో వారి చేయి పట్టి లాగక, మన మోచేతిని వారికి పట్టుకొననియ్యవలెను. వినికిడి తక్కువైనవారితో అరచుట కంటె వెలుతురులో ఎదుట నిలిచి నెమ్మదిగా పలుకుట మేలు. బుద్ధిమాంద్యము గలవారైనను ముప్పదియేండ్లవారిని చంటిబిడ్డవలె ముద్దుమాటలాడించుట అవమానమే.

మాటను గూర్చి ఇంకొకటి. వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని కాగితములలో పేర్లు మారుచున్నవి. ఇంటిలో మాత్రము ‘గుడ్డి యెద్దు చేలో పడ్డట్లు’ అను సామెత మన నాలుకపై నాడుచునే యున్నది. మంథర గూనిని ఆమె దుర్బుద్ధికి గుర్తుగా పిల్లలకు కథ చెప్పుదుము. ఎనిమిది వంకరలతో పుట్టి, జనకుని సభలో పండితులను జయించిన అష్టావక్రుని కథ అదే నోటితో ఎందరము చెప్పుచున్నాము? వంకర దేహమునందుండవచ్చును, చూచువాని చూపునందును ఉండవచ్చును. పిల్లలకు ఏ కథ చెప్పుదుమో వారికి ఆ చూపే యబ్బును.

నాలుగవది పని. ఒత్తులు చేయుట, చింతపండు గింజ తీయుట, విస్తళ్లు కుట్టుట, పిల్లలకు కథ చెప్పుట, ఏదైన సరే, ఎవరికి చేతనైనది వారిని అడిగి చేయించుకొనుడు. తన వలన ఇతరులకు ఒక యక్కర తీరునని తెలిసిన మనిషి నిటారుగా కూర్చుండును. కాని కూలికి చేయదగిన పనికి కూలి యిచ్చి తీరవలెను. మంచిమాటతో సరిపెట్టరాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2000 సంవత్సరము తరువాత ‘వెలుగు’ పథకము క్రింద మహిళా సంఘములతోపాటు వికలాంగుల సంఘములును, వాని మండల సమాఖ్యలును ఏర్పడినవి. పొదుపు చేసి, అప్పు తెచ్చి, బ్రదుకుతెరువు చూచుకొనుట వారికి రానిపని కాదని దీనివలన తెలియుచున్నది.

ఇక తల్లులకు రెండు మాటలు. అమ్మలారా! మీ బిడ్డను మీరొక్కరే చూచుకొనుట గొప్ప ప్రేమయే. కాని ఆ ప్రేమ ఇతరులకు దారి విడువవలెను. వారమునకు రెండు గంటలైనను పొరుగింట విడిచి రండు. మీకు విశ్రాంతియు, బిడ్డకు పరిచయమును కలుగును. ఏమి తినునో, ఏ మందు ఎప్పుడు వేయవలెనో, దేనికి భయమో, ఏ పాట విన్న నెమ్మదించునో ఒక నోటుపుస్తకమున వ్రాసి, నమ్మదగిన ఇద్దరికి చూపుడు. వైకల్య ధ్రువపత్రము, యు.డి.ఐ.డి. కార్డు, బ్యాంకు పుస్తకము ఒకచోట నుంచుడు. ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము, బహువైకల్యము గలవారికై 1999లో నేషనల్ ట్రస్టు చట్టము వచ్చినది. అట్టివారికి పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట సంరక్షకుని నియమింపుమని జిల్లా కలెక్టరు గల స్థానిక సమితిని కోరవచ్చును. ఆ ట్రస్టు వారి ‘నిరామయ’ పథకమున లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమాయు కలదు. 2016 చట్టము చెప్పు సంరక్షకుడైనను సర్వాధికారి కాడు. పరస్పర విశ్వాసముతో, వారితో కూడి నిర్ణయించువాడు మాత్రమే. పింఛను సొమ్ములో కొంత వారి చేతిలోనే పెట్టి, ఇష్టమైనది కొనుక్కొననిండు.

బయటికి పంపినచో కీడు జరుగునేమో యని, ముఖ్యముగా ఆడపిల్లల విషయమున, మీకు గల భయము మేమెరుగుదుము. అది ఉట్టి భయము కాదు. ఒంటి తాకిడిలో తగినది తగనిది యేదో, “వద్దు” అనుట యెట్లో ఆ పిల్లకు నేర్పవలెను. ఎవరి యింట ఎవరి యెదుట విడుచుచున్నామో చూచుకొనవలెను. అయినను దాచిన చోటనే కీడు దాగియుండును. పదిమంది ఎరిగిన పిల్ల ఒకనాడు కనబడనిచో పదిమంది అడుగుదురు. ఎవరును ఎరుగని పిల్లను గూర్చి అడుగువారెవరు?

సోదరీమణులారా, ఈ మాసమున ఒక్క పని చేయుడు. మీ వీధిలో ఎందరు వికలాంగులున్నారో తెలిసికొని, వారి పేర్లు నేర్చుకొనుడు. అందు ఒక్కరిని వచ్చు పండుగకు పేరుపెట్టి పిలిచి, వచ్చినపుడు మీ ప్రక్కనే కూర్చుండబెట్టుకొనుడు. వారికి ఏ కూర ఇష్టమో అడుగుడు. జరిగిన సంగతి మాకు వ్రాసినచో తక్కిన సోదరీమణులకును తెలియజేయుదుము.