అమ్మమ్మ వాళ్లమ్మ పేరేంది?

సంక్రాంతికి వారం ముందు మా ఇంట్లో అటక మీది పాత తెల్ల పంచె కిందికి దిగుతుంది. దాన్ని ఉతికి ఆరేసి, ముందు గదిలో పరిచి, చుట్టూ కూచుని సకినాలు చుట్టడం మా కరీంనగర్ వైపు ఆడవాళ్లందరికీ తెలిసిన పనే. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి వేళ్ల మధ్య మెలితిప్పుతూ చుట్లు వేస్తుంటే మాటలకు కొదవేముంటుంది? ఈసారి మా తమ్ముడి కొత్త కోడలు కూడా వచ్చింది. నాలుగు చుట్లు వేయగానే పిండి విరిగిపోయి, ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

"నీకెవరు నేర్పిండ్రు అత్తమ్మా, ఇంత సన్నగ చుట్టుడు?" అని నన్నడిగింది.

"మా అమ్మ."

"మీ అమ్మకు?"

"మా అమ్మమ్మ."

"మరి ఆమెకు?"

"వాళ్లమ్మే నేర్పి ఉంటది."

"ఆమె పేరేంది?"

నా చెయ్యి ఆగిపోయింది. మా అమ్మమ్మ వాళ్లమ్మ పేరు నాకు తెలియదు! పక్కనే ఉన్న మా పెద్దమ్మనడిగాను. ఆమెకు ఎనభై దాటాయి. "ఏమో బిడ్డా, మేమందరం 'అవ్వా' అనే పిలిచేటోళ్లం. పేరు ఎవ్వరు అడిగిండ్రు?" అంది. అదే మా తాతగారి తండ్రి పేరు, ఆయన తండ్రి పేరు అడిగి చూడండి, ఇంట్లో అందరూ గడగడా చెప్తారు. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు ముత్తాత, తాత, తండ్రి పేర్లు వరసగా చదువుతారు కదా, అలా చెవుల్లో నిలిచిపోయాయి. ఆ ముత్తాతను కన్న తల్లి ఎవరో మాత్రం ఎవరికీ పట్టదు.

మన సంగతి సరే, రాణుల సంగతేమిటి, వాళ్లకైనా ఈ భాగ్యం దక్కిందా అని ఆ రాత్రి నాకు అనుమానం వచ్చింది. ఇంట్లో ఉన్న చరిత్ర పుస్తకాలు తిరగేశాను. నాకు దొరికిన సంగతులు మీతో పంచుకోవాలనిపించింది.

మొదట మన ఊరి పక్కనే మొదలుపెడదాం. కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. అక్కడ జైన దేవతల బొమ్మల కింద పదో శతాబ్దంలో చెక్కించిన శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లోనూ ఉంది. వేములవాడ చాళుక్యుల ఆస్థానకవి, కన్నడ ఆదికవి పంపడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనమిది. తెలుగులో తొలి కంద పద్యాలు ఇందులోనే ఉన్నాయని పండితులు గొప్పగా చెప్తారు. నాకు మాత్రం ఇంకో సంగతి నచ్చింది. ఆ శాసనంలో జినవల్లభుడు తండ్రి భీమపయ్య పేరుతో పాటు తల్లి అబ్బణబ్బె పేరు కూడా చెక్కించాడు. వెయ్యేళ్లు దాటినా ఆ తల్లి పేరు ఎండకు, వానకు చెరగకుండా రాయి మీద ఉంది. కొడుకు తలుచుకుంటే ఎంతసేపు!

మరి ఒక ఆడపడుచే తలుచుకుంటే? అదీ జరిగింది. ఓరుగల్లు కాకతీయులు మనకు పరాయివాళ్లు కారు. కరీంనగర్ పక్కన నగునూరు గుళ్లు చూసినవాళ్లకు ఆ సంగతి చెప్పక్కర్లేదు. ఆ వంశంలో గణపతిదేవుడికి ఇద్దరు తోబుట్టువులు, మైలాంబ, కుందాంబ. తండ్రి మహాదేవుడు, తల్లి బయ్యమాంబ. మైలాంబను నతవాడి వంశపు రుద్రుడికి ఇచ్చారు. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో ఈ మైలాంబ పెద్ద చెరువు తవ్వించింది. దానికి ధర్మకీర్తి సముద్రమని పేరు. ఊరి పేరులోనే వాళ్లమ్మ బయ్యమాంబ పేరు వినిపించడం లేదూ! ఆ చెరువు గట్టున 1219 ప్రాంతంలో ఆమె ఒక శాసనం వేయించింది.

చెరువు తవ్వించినవాళ్లు శాసనం వేయించడం ఆ రోజుల్లో మామూలే. కానీ మైలాంబ తన పుట్టింటి వంశాన్ని మొదటినుంచీ చెప్పించింది. వెన్ననృపుడు అనే పూర్వీకుడు కాకతి అనే చోటునుంచి ఏలాడట. అందుకే ఆయన వంశం వాళ్లకు కాకతీశులని పేరు వచ్చిందట. ఆయన తర్వాత ముగ్గురు గుండరాజులు. పరశురాముడు, శ్రీరాముడు, బలరాముడు, ముగ్గురు రాముల్లాంటి వాళ్లట. ఆ పైన ఎర్రరాజు, పిండిగుండడు, బేతరాజు, ప్రోలరాజు, మళ్లీ బేతరాజు, మళ్లీ ప్రోలరాజు. ఆ ప్రోలరాజు కొడుకులు రుద్రదేవుడు, మహాదేవుడు. మహాదేవుడి కొడుకు గణపతిదేవుడు.

ఇందులో వింతేముంది అంటారా? ఉంది. కాకతీయుల తొలి తరాల వరస ఇవాళ చరిత్రకారులు చెప్పగలుగుతున్నారంటే అందుకు ముఖ్యమైన ఆధారాల్లో ఈ బయ్యారం శాసనం ఒకటి. అత్తారింటికి వెళ్లిపోయిన ఆడపిల్ల, తల్లి ఊసుతో ఉన్న చెరువు గట్టున, పుట్టింటి పేర్లన్నీ పూసగుచ్చినట్టు చెక్కించి పెట్టింది. మన ఇళ్లల్లో "ఆడపిల్ల ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు" అని నవ్వులాటకైనా అంటుంటారు. ఆ ఆడ పిల్లే ఈడి వంశాన్ని నిలబెట్టింది!

ఇక రుద్రమదేవి సంగతి వినండి. ఆమె గణపతిదేవుడి కూతురు. కొడుకులు లేని తండ్రి కూతురికే రాజ్యం అప్పజెప్పాడు. ఆమె 1262 నుంచి 1289 దాకా ఏలింది. ఆమె పాలనలో మన తీరానికి మార్కోపోలో అనే ఇటలీ యాత్రికుడు వచ్చాడంటారు. రాజు పోయాక ఆయన భార్య రాజ్యం ఏలుతోందని ఆయన రాసుకున్నాడు. తర్వాతి కాలంలో మనవాళ్లు రాసిన ప్రతాపచరిత్రలోనూ ఆమెను గణపతిదేవుడి భార్యగానే చెప్పారు. చూశారా! అంతటి మహారాణికి తండ్రినే మొగుణ్ని చేసి పెట్టారు. సింహాసనం మీద ఆడది కూచుందంటే ఆమె రాజు పెళ్లామే అయి ఉండాలి, కూతురెందుకవుతుంది అనుకున్నారో ఏమో.

ఈ తప్పు దిద్దింది కూడా రాయే. గుంటూరు వైపు, మందడం దగ్గర మల్కాపురంలో 1261 నాటి శాసనం ఉంది. అందులో గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి అని ఉంది. తండ్రి ఇస్తానన్న గ్రామాన్ని కూతురు గురువుకు దానం చేసింది. ఆ దానంలో కొంత భాగం ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, అన్నసత్రానికి కేటాయించారు. కాన్పుల కోసం ప్రత్యేకంగా ఒక శాల ఉండాలని ఏడువందల అరవై ఏళ్ల కిందటే రాయి మీద రాయించారంటే నాకు ఒళ్లు పులకరించింది.

రుద్రమ భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుల ఇంటివాడు. ఆమె పెద్ద కూతురు ముమ్మడమ్మ. ఆ ముమ్మడమ్మ కొడుకే ప్రతాపరుద్రుడు. అంటే కాకతీయ సింహాసనం తండ్రినుంచి కూతురికి, ఆమెనుంచి మనవడికి, అదీ కూతురి కొడుకుకి వచ్చింది. వంశం రెండుసార్లు ఆడవాళ్ల మీదుగా నడిచింది. "కొడుకు లేకపోతే వంశం ఆగిపోతుంది" అని ఇప్పటికీ గొణిగే పెద్దలకు ఈ సంగతి ఒకసారి వినిపించండి.

రుద్రమ చెల్లెలు గణపాంబ కూడా తక్కువది కాదు. ధరణికోట ఏలిన కోట బేతరాజు భార్య. భర్త పోయాక తానే గుళ్లు కట్టించి, యనమదల శాసనంలో పుట్టింటి వంశం, మెట్టినింటి వంశం రెండూ చెప్పించింది.

ఇదంతా మన దగ్గరే జరిగిందనుకోకండి. ఇంగ్లండులో మొదటి హెన్రీ రాజుకు కొడుకు చనిపోతే 1127లో కూతురు మటిల్డాకే రాజ్యమని సామంతుల చేత ప్రమాణం చేయించాడు. 1135లో తండ్రి కన్ను మూయగానే, ఆ ప్రమాణం చేసినవాళ్లలోనే ఒకడు, ఆమె మేనత్త కొడుకు స్టీఫెన్, కిరీటం పెట్టుకున్నాడు. ఏళ్ల తరబడి యుద్ధం చేసినా మటిల్డాకు పట్టాభిషేకం జరగలేదు. చివరికి 1154లో ఆమె కొడుకు రాజయ్యాడు. నూట ముప్పై ఏళ్లు గడవకముందే మన ఓరుగల్లులో ఆడపిల్ల నిండుగా సింహాసనం మీద కూచుని ఏలింది. గర్వపడదామా వద్దా!

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా ఇంట్లో ఒకప్పుడు పెద్ద ఇత్తడి బిందె ఉండేది. మా అమ్మమ్మ పెళ్లికి వాళ్లమ్మ ఇచ్చిందట. దాని మెడ మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉండేది. పెళ్లయిన కొత్తలో దాన్ని తోమలేక, బరువు మోయలేక, పాత సామాన్ల వాడికి తూకానికి వేసి స్టీలు డబ్బాలు తీసుకున్నాను. ఆ డబ్బాలు చూసుకుని మురిసిపోయాను కూడా. మా అమ్మ ఏమీ అనలేదు. వాడు బిందెను గోనెసంచిలో వేస్తుంటే మాత్రం వంటింట్లోకి వెళ్లిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ మెడ మీద చివరి అక్షరాలు "...మ్మ" అని మాత్రమే గుర్తొస్తున్నాయి. మైలాంబ వాళ్లమ్మను గుర్తుంచుకోవడానికి చెరువు తవ్వించింది. నేను చేతిలో ఉన్న శాసనాన్ని కిలోల లెక్కన అమ్ముకున్నాను.

మీరలా చేయకండి. ఈ వారం నా మాట విని ఓ రెండు గంటలు ఈ పని పెట్టుకోండి.

పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీయండి. మధ్యలో మీ పేరు రాసి, పైన అమ్మ, ఆ పైన అమ్మమ్మ, ఆ పైన ఆమె తల్లి. పక్కన నాన్న, బాపమ్మ, ఆమె తల్లి. ప్రతి పేరు దగ్గర మూడు ముక్కలు చాలు: పుట్టిన ఊరు, పుట్టింటి ఇంటిపేరు, ఆమె చేతిలో బాగా కుదిరే వంట. సంవత్సరం తెలియకపోతే "రజాకార్ల కాలంలో పెళ్లయింది", "గోదావరి పొంగిన ఏడు పుట్టింది" అని రాసినా పర్వాలేదు, తర్వాత లెక్క కట్టుకోవచ్చు.

అటక ఎక్కి పాత గిన్నెలు, చెంబులు, పళ్లేలు బోర్లించి చూడండి. వాటి మీది పేర్లు, తారీఖులు రాసుకోండి. పాత లగ్నపత్రికలుంటే దాచండి. అన్నిటికన్నా ముందు ఇంట్లో పెద్దావిడ దగ్గర కూచోండి. మంచి మూడ్‌లో ఉన్నప్పుడు, చాయ్ చేతికిచ్చి, మెల్లిగా అడగండి. పేరు ఒక్కసారిగా గుర్తు రాకపోవచ్చు. పిండి కలుపుతుంటేనో, పాత పాట పాడుకుంటుంటేనో ఠక్కున వస్తుంది.

మా పెద్దమ్మకు అలాగే వచ్చింది. మూడో రోజు సకినాలు కాల్చేటప్పుడు మూకుడులో నూనె చిటపటమంటుంటే ఉన్నట్టుండి అంది: "రాజవ్వ! మీ అమ్మమ్మ వాళ్లమ్మ పేరు రాజవ్వ. మా చిన్నప్పుడు పోస్టు అతను గట్టిగ పిలిచేటోడు!"

కొత్త కోడలు పిండి చేతులతోనే లేచి వెళ్లి పుస్తకంలో రాసింది. ఆ పేజీ మీద ఇప్పటికీ బియ్యప్పిండి మరక ఉంది. తుడవొద్దన్నాను.

మరి మీ ఇంట్లో? అమ్మమ్మ వాళ్లమ్మ పేరేంది?